మగ్గం గుంతలో ఎర్త్ వైరు

ఇది నిజంగా జరిగింది. గద్వాలలో కొందరు దీన్ని నవ్వులాటగా చెప్పుకుంటున్నారు, కొందరు దయ్యం కథ చేశారు. ఆ రాత్రి అక్కడ మేలుకుని ఉన్నది నేనొక్కడినే. ఆ పని చేసిందీ నేనే. అందుకే రాసి పెడుతున్నాను.

అప్పటికి గ్రంథాలయంలో కంప్యూటర్ మరమ్మతు పుస్తకం రెండుసార్లు చదివి ఉన్నాను. నా స్నేహితుడు నర్సింలు చీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. పొద్దున్నే ఒకటి ఇవ్వాలి, కంప్యూటరేమో ఉన్నట్టుండి ఆరిపోతోంది, లేదంటే బిగుసుకుపోతోంది. వెళ్లాను. ఫ్యాన్ దుమ్ము దులిపాను. ర్యామ్‌ను రబ్బరుతో రుద్దాను. స్టెబిలైజర్ మార్చాను. అదే తీరు. కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే వేళ్లు జిల్లుమన్నాయి. ఎర్త్ లేదు. పుస్తకంలో ఉంది... తడిమట్టి, ఉప్పు, ఇనుప కడ్డీ.

ఇల్లంతా బండపరుపు. మట్టి ఒక్కచోటే ఉంది. నర్సింలు నాన్న కాళ్లు దించుకుని కూర్చుని నేసిన మగ్గం గుంత. ఆయన పోయాక ఆ మగ్గానికి పడుగు ఎక్కలేదు. వాళ్లమ్మ ఈశ్వరమ్మ మాత్రం రోజూ దీపం పెట్టే వేళకు గుంత అంచున కూర్చుని ఆనాటి సంగతులన్నీ ఆయనకు చెప్పుకునేది.

"అండ్ల కడ్డీ దిగ్గొట్టకు బిడ్డా," అంది. "మీ పెద్దనాయన ఆడనే ఉన్నడు. నాకు తెలుస్తది."

"కరెంటు మట్టిల కలుస్తది పెద్దమ్మా, గంతే. పుస్తకంల ఉంది."

"పుస్తకంల ఆయన ఉన్నడా?"

నర్సింలు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆమె పడుకున్నాక కడ్డీ దిగ్గొట్టాను. ఉప్పునీళ్లు పోసి, కడ్డీ నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపాను. కంప్యూటర్ నడిచింది... నర్సింలు చాప మీదే నిద్రపోయాడు. తెర మీద హంసల అంచు. ఆగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.

తెర బిగుసుకుంది. మౌస్ కదల్లేదు. ఫ్యాన్ చప్పుడు ఆగింది... హంసలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

టక్.

గుంతలోంచి.

టక్... టక్... కాళ్లతో తొక్కే పలకలు. ఎడమ... కుడి... ఒకటి దిగితే ఒకటి లేస్తోంది. తొందర లేదు. పని తెలిసిన కాళ్ల నడక. టార్చి వేశాను. ఎవరూ లేరు. పలకలు కదులుతున్నాయి. తడిమట్టిలో సన్నగా బుడగలు... ఇంకొక్క టక్. కిందికి దిగిన పలక మళ్లీ లేవలేదు.

ఫ్యాన్ తిరిగింది. మౌస్ కదిలింది.

పలకలకు కట్టిన ఎండిన తాళ్లు తడికి బిగిసి ఉంటాయని తర్వాత అనుకున్నాను. ఎడమా కుడీ అంత పద్ధతిగానా? తెలియదు.

కంప్యూటర్ ఇక ఆగలేదు. మరునాడు సాయంత్రం ఈశ్వరమ్మ గుంత దగ్గర కూర్చుంది. కాసేపే. లేచి, నా ముఖం చూడకుండా, "ఇగ లేడు," అంది.

అప్పటికప్పుడు కడ్డీ పీకేశాను. మట్టి ఆరేదాకా రోజూ వెళ్లి చూశాను. ఆమె మళ్లీ అక్కడ కూర్చోలేదు. లీకయ్యే కరెంటును మట్టి లాక్కుంటుందని పుస్తకంలో ఉంది. ఇంకేం లాక్కుంటుందో లేదు.

గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చిన వెంకటయ్య సారుకు, దాచకుండా రాయమన్న నర్సింలుకు, వీధి వైపు తవ్వి కొత్త ఎర్త్ వేసిన ఖాజాకు కృతజ్ఞతలు. ఆ పని మొదటి రోజే చేసి ఉండొచ్చు... ఇంకా ఈశ్వరమ్మ పెద్దమ్మకు. ఇప్పటికీ వెళ్తే ముందు నాకే చాయ్ పోస్తుంది. గుంత వైపు వీపు పెట్టి కూర్చుంటుంది.