కరెంటు వచ్చినప్పుడు ఆట ఆగుతుంది

మా వక్కతోటలో ఇప్పుడు ప్రతి ఆదివారం యుద్ధం జరుగుతుంది. దాన్ని ఎయిర్‌సాఫ్ట్ అంటారు. తుపాకీలాంటి దానిలోంచి కందిగింజంత ప్లాస్టిక్ గుండ్లు వస్తాయి. పట్నంలోని పీలమేడు కాలేజీల పిల్లలు, ఆఫీసుల వాళ్ళు రెండు జట్లుగా చీలి, చెట్ల వెనక, వక్కపొట్టు నింపిన గోతాల వెనక దాక్కుని ఒకరినొకరు కొట్టుకుంటారు. గుండు తగిలినవాళ్ళు చెయ్యెత్తి తమంతట తామే బయటికి వచ్చేస్తారు. ఎవరూ చూడకపోయినా వచ్చేస్తారు. ఆ ఒక్క సంగతికే ఈ ఆట మీద నాకు గౌరవం కలిగింది.

మేట్టుపాళయం దాటాక కొండ మొదట్లో ఉన్న ఈ తోట మా అన్నది. వక్కలు వలిచే పాత షెడ్డునీ, దాని వెనక కొంత తోటనీ మా అబ్బాయి అడిగితే ఆటకు ఇచ్చాడు. అబ్బాయి, కోడలు కలిసి నడుపుతారు. నా పని గేటు దగ్గర. కళ్ళను పూర్తిగా మూసే అద్దాలను సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టడం, ఆడేవాళ్ళకు ఇవ్వడం, తల వెనక పట్టీ లాగి చూడడం. అద్దాలు లేనివాళ్ళను లోపలికి వదలను. ఒకసారి ఒక మేనేజరు, ఒక్క ఫోటో తీసుకుని వచ్చేస్తానని అరవంలో బతిమాలాడు. “ఫోటోలో కన్ను ఉండొద్దా సార్, పెట్టుకోండి” అన్నాను. పెట్టుకున్నాడు.

నాకు రాయడం ఈ మధ్యనే వచ్చింది. చిన్నప్పుడు అన్న బడికి పోయాడు, నేను పత్తి ఏరడానికి పోయాను. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, చదువుకున్నవాళ్ళు చదివేది అరవం. మా మాటకు రాత ఉందని తెలుసు గాని, దాన్ని రాయగలిగినవాళ్ళు మా ఇంట్లో లేరు. కోడలిది చిత్తూరు వైపు. ఆమె వచ్చిన కొత్తలో నా మాటలు విని నవ్వేది. తరువాత ఒకరోజు, “ఈ మాటలన్నీ అలాగే రాయొచ్చు అత్తా, నేర్పిస్తా” అంది. అప్పటికి నాకు అరవై దాటాయి. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక షెడ్డు అరుగు మీద కూర్చునేవాళ్ళం.

గుణింతాలు అయ్యాక వాక్యాలు చూసి రాయమంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె ఆటస్థలం కోసం ప్రథమ చికిత్స నేర్చుకుని వచ్చింది. అక్కడ చెప్పినవే ఒక్కొక్క పేజీ పైన తెలుగులో రాసి ఇచ్చేది. కింద నేను పదిసార్లు రాయాలి. “నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి.” “ఎండదెబ్బ తగిలినవాళ్ళను నీడకు చేర్చాలి.” “కంటికి దెబ్బ తగిలితే నొక్కకూడదు, నలపకూడదు, అందులో ఏమీ పోయకూడదు.” ఈ చివరిది పొడుగు. నా పెద్ద అక్షరాలతో రెండు వరసలు పట్టేది. కుదురుగా వచ్చేదాకా మూడు రోజులు రాయించింది.

అన్న పక్కనే కూర్చుని వక్కాకు నములుతూ చూసేవాడు.

“ఏమమ్మణీ, కలెక్టరు పరీక్ష ఎప్పుడు?”

“పాసయినాక మొదట సూది నీకే వేస్తా. కూసో.”

“సూది వేసేది డాక్టరు. కలెక్టరు గాదు.”

“రెండూ నేనేలే.”

మందుల డబ్బాలోని ప్రతి పొట్లం మీదా నేనే పేరు రాశాను. కట్లు, ప్లాస్టరు, ఉప్పు చక్కెర పొడి, కాగితం కప్పులు. కప్పులు ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు, కాఫీకేమో అనుకున్నాను. కోడలు ఇంకో అలవాటు కూడా పెట్టింది. ఆట మొదలయ్యేముందు మా కారును గేటువైపు తిప్పి నిలుపుతుంది. దాని ముందు ఎవరూ బండి పెట్టకూడదు. తాళం డబ్బా పక్కన మేకుకు తగిలిస్తుంది. అన్నకు ఇదంతా వేడుకగా ఉండేది. “పెండ్లికూతురు పారిపోయేదానికి నిలిపినట్టు నిలిపినారే” అనేవాడు.

అన్నకు ఎడమకంట చూపు లేదు. చిన్నప్పుడు పత్తికట్టె గుచ్చుకుంది. అమ్మ కొంగు ఉండచుట్టి, నోటితో ఊది, వెచ్చగా అదిమింది. ఆముదం చుక్కలు పోసింది. మా ఇళ్ళలో కంటికి ఏమైనా చేసేది అదే. వారం తిరక్కముందే కంట్లో పువ్వు పడింది. అమ్మ చేసినదంతా ప్రేమతోనే చేసింది. అరవై ఏళ్ళుగా అన్నకు ఉన్నది కుడికన్ను ఒక్కటే, తోట చూసుకునేదీ దానితోనే.

తోటకు నీళ్ళు పెట్టాలంటే మూడు ఫేసుల కరెంటు రావాలి. అది తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. షెడ్డు గోడకు ఎర్ర బల్బు ఉంది. అది వెలిగితే కరెంటు వచ్చినట్టు. ఎవరు చూసినా కేకేయాలి, అన్న పోయి మోటారు వేయాలి. నేను భర్త పోయాక ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఎక్కువసార్లు కేకేసింది నేనే.

ఆ ఆదివారం ఎండ ముదిరిన వేళ, ఆట మధ్యలో బల్బు వెలిగింది.

“అన్నా, కరెంటొచ్చె” అని కేకేశాను.

అన్న తువాలు తలకు చుట్టుకుని, ఇంటి వెనక గట్టు మీదుగా మోటారు గది వైపు పోయాడు. ఆ గది ఆటస్థలం అవతలి అంచున ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. గేటు దగ్గర నలభైమందికి పట్టీలు లాగి చూసిన నాకు, ఆయనకు అద్దాలు ఇవ్వాలని తట్టలేదు. తోట ఆయనది. అద్దాలు వచ్చిపోయేవాళ్ళకు అనుకున్నాను.

కొంచెంసేపటికి లోపల విజిల్ మోగింది. “ఆపండి, ఆపండి” అని అబ్బాయి గొంతు. ఒక అమ్మాయి అన్నను చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది. ఆయన కుడికంటి మీద అరచెయ్యి మూసి ఉంది. గుండు కొట్టింది ఆ అమ్మాయే. చెట్టు వెనక కదిలింది అవతలి జట్టువాడనుకుంది. క్షమించమని అడుగుతూనే ఉంది.

“నీ తప్పు గాదు సామీ” అంటున్నాడు అన్న. “నేనే అడ్డం వస్తిని.”

ఆయనను కుర్చీలో కూర్చోబెట్టారు. నా చెయ్యి కొంగు మీదికి పోయింది. ఉండచుట్టి నోటి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊదాను కూడా. గుడ్డ వెచ్చబడింది. దాన్ని ఆయన ముఖం దాకా తీసుకుపోయాను. అప్పుడు ఆ రెండు వరసలు గుర్తొచ్చాయి. నొక్కకూడదు, నలపకూడదు. ముప్పైసార్లు నా చేత్తోనే రాసిన మాట. కొంగు వదిలేశాను.

“ఆముదం ఒక చుక్క పొయ్యి అమ్మణీ” అన్నాడు అన్న. “అప్పుడు అమ్మ పోసెనే, అట్ల.”

“అమ్మ పోసినట్టు నేను పొయ్యను. చెయ్యి తియ్యి అన్నా.”

పుట్టి బుద్ధెరిగాక ఆయనతో అలా మాట్లాడింది లేదు. ఆయన చెయ్యి తీశాడు. కన్ను ఎర్రగా ఉంది, నీళ్ళు కారుతున్నాయి. నల్లగుడ్డు కింది అంచున సన్నగా నెత్తురు నిలిచి ఉంది. కోడలు నేర్పినట్టే డబ్బాలోంచి కాగితం కప్పు తీశాను. కంటికి తగలకుండా నుదురు మీద, చెంప ఎముక మీద ఆనేటట్టు బోర్లించి, చుట్టూ ప్లాస్టరు అంటించాను. కోడలు అప్పటికే కారు తీసింది. ముందు అడ్డం ఏమీ లేదు.

వెనక సీట్లో అన్నను పడుకోనివ్వకుండా నా భుజానికి ఆనించి కూర్చోబెట్టుకున్నాను. నిటారుగా ఉండాలని కోడలు చెప్పింది. ఆయనకు ఇప్పుడు ఏ వైపూ వెలుతురు లేదు.

“నోరు ఎండుతుంది. యాడన్నా నిలిపి ఒక గుక్క కాఫీ తాగిపిద్దురా.”

“వద్దు మామా” అంది కోడలు. “ఆపరేషన్ చేయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.”

“ఇది నీకూ తెలుసునా అమ్మణీ?”

“ఏడో పేజీ” అన్నాను.

తరువాత, “ఇప్పుడు యాడ ఉండాము?” అని అడిగాడు. బోర్డులన్నీ అరవం, ఇంగ్లీషు. నాకు రావు. కనిపించినవి చెబుతూ పోయాను. కూరగాయల లారీలు, రైలుగేటు, పాత మిల్లు పొగగొట్టం. ఆయన నా చెయ్యి వదల్లేదు. “నేను పిలవకుండా ఉంటే” అని మొదలుపెట్టాను. “పిలవకుంటే వక్కచెట్లు ఎండును. పేసామ ఉండు” అని నా నోరు మూయించాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ కప్పు విప్పి చాలాసేపు చూసింది. గుడ్డు ముందు భాగంలో నెత్తురు దిగింది, కదలకుండా తల ఎత్తుగా పెట్టుకుని ఉంటే తనంతట తానే ఇంకిపోవచ్చు, ఏమైనా అదిమి ఉంటే ఇంత తేలికగా చెప్పేదాన్ని కాదు అంది. కప్పు ఎవరు పెట్టారని అడిగింది. “మా చెల్లి. కలెక్టరు” అన్నాడు అన్న. ఆమెకు అర్థం కాలేదు. కోడలు నవ్వుతూ ఏడ్చింది.

తొమ్మిది రోజులు దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాం. డాక్టరమ్మ రాసిచ్చిన చుక్కలు వేశాం. రోజూ ఆ అమ్మాయి ఫోను చేసి అడిగేది. పదోరోజు ఆసుపత్రిలో మూత తీశారు. అన్న గోడ మీద అక్షరాలు చదివాడు, పెద్దవీ చిన్నవీ. తరువాత నావైపు తిరిగి కళ్ళు చిట్లించి చూశాడు.

“నీ చీర అంచు పీకిపొయ్యుండాది. ఇట్లనా ఆసుపత్రికి వచ్చేది?”

అది వింటే నాకు కలిగిన సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాదు.

ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం నోటుబుక్కు తీసి ఒక వాక్యం రాశాను. “మోటారు వేయడానికి పోయేవాళ్ళూ అద్దాలు పెట్టుకోవాలి, కరెంటు వస్తే ఆట ఆపాలి.” కోడలు చూసి, “ఇది నేనివ్వలేదే అత్తా” అంది.

“లేదు. ఇది నాది” అన్నాను. చూసి రాయకుండా నేను రాసిన మొదటి వాక్యం అదే. దాన్ని అరవంలోకి మార్చి గేటు మీద అంటించారు.

ఇప్పుడు బల్బు వెలిగితే నేను కేకేయను, విజిల్ వేస్తాను. తోటంతా నిలిచిపోతుంది. చెట్ల వెనకనుంచి అందరూ తుపాకులు నేలకు దించి లేస్తారు. అన్న గేటు దగ్గరికి వచ్చి, తలకు తువాలు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, పట్టీ లాగి చూడమని నావైపు వీపు తిప్పుతాడు. తరువాత వాళ్ళందరి మధ్యగా, కావాలనే నెమ్మదిగా నడుస్తాడు. ఒకరిద్దరు సెల్యూట్ కొడతారు. ఆయన తిరిగి వచ్చేసరికి కాలువలో నీళ్ళ చప్పుడు మొదలవుతుంది.

పోయిన ఆదివారం సగం దూరం పోయి వెనక్కి వచ్చాడు.

“అద్దాలు సరిగ్గా తుడవలేదు అమ్మణీ. మసగ్గా ఉండాది.”

తీసుకుని, కొంగుతో తుడిచి ఇచ్చాను.