నైలాన్ వెంట్రుక

ప్రయోగశాలలో ఆయన్ని అందరూ ఎలకల బాబాయి అంటారు. జాలీ మీద నిలబెట్టిన ఎలక అరికాలికి కింద నుంచి సన్నటి నైలాన్ వెంట్రుక ఆనించి, ఎంత లావుదానికి కాలు లాక్కుంటుందో చూడడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా, ఏ వెంట్రుకనైనా ముందు తన ముంజేతికి తాకించుకోనిదే ఎలక జోలికి పోడు. "వండినవాడు రుచి చూడకుండా వడ్డిస్తాడా?" అంటాడు. చివరి బోనులో ఎలకల మెదడులో సెరటోనిన్ అనే రసాయనం లేకుండా చేశారు. మెత్తగా తాకితే వాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే కాలు వాచిందా, మిగతా వాటికన్నా ఎక్కువగా గిలగిల్లాడతాయి. భార్య పోయిన ఈ ఆర్నెల్లుగా, పని లేకపోయినా ఆయన ఆ బోను దగ్గరే కూచుంటున్నాడు.

ఈ ఉదయం ముంజేతికి వెంట్రుక ఆనించుకున్నాడు. ఏమీ తెలియలేదు. అది వంగేదాకా నొక్కాడు. దానికన్నా లావుది తీశాడు, ఆ తర్వాత ఇంకా లావుది. చెయ్యి తనది కానట్టే ఉంది. వారం కిందట గుమ్మానికి కొట్టుకున్న కాలి బొటనవేలు మాత్రం చెప్పులో పెడితే చాలు, ఇప్పటికీ ప్రాణం పోయినంత పనవుతోంది.

"డాక్టరమ్మా, ఈ వెంట్రుకలు పాడైపోయాయి, కొత్తవి తెప్పించండి!" అని తలెత్తకుండానే పక్కగదిలోకి కేకేశాడు.

"బాగానే ఉన్నాయి బాబాయ్, ఇందాకే నా చేతి మీద చూశాను." మాట చెవి పక్కనుంచే వచ్చింది.

ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడొచ్చారమ్మా?"

ఆవిడ చెయ్యి చాలాసేపటి నుంచి ఆయన భుజం మీదే ఉంది.