నోరు విప్పినందుకు పోయిన పర్మిట్

2011 వానాకాలం మొదట్లో నన్ను శంషాబాద్ విమానాశ్రయం కార్గో గేటు పక్కనున్న ప్రథమ చికిత్స గదికి సీనియర్ నర్సుగా వేశారు. విమానాల్లోకి సామాను ఎక్కించి దించే ఒక కాంట్రాక్టు కంపెనీ గది అది. డాక్టరుగారు మంగళ, శుక్రవారాల్లో మాత్రమే వచ్చేవారు. మిగతా రోజుల్లో మంచికీ చెడ్డకీ నేనే. బడి మొహం చూడకుండా ఇంట్లో నాన్నగారి దగ్గరే చదువుకుని, పదో తరగతి ప్రైవేటుగా రాసి నర్సు శిక్షణలో చేరినదాన్ని. అంత బాధ్యత నా చేతికొచ్చినందుకు ఈనాటికీ పొద్దున దీపం పెట్టేటప్పుడు దేవుడికి ఇంకో దండం ఎక్కువ పెడతాను. అయితే అక్కడి మగవాళ్లతో నేను పడిన విసుగు కూడా ఆ దేవుడికే తెలుసు.

వాళ్ల జబ్బులన్నిటికీ ఒకటే పేరు, గ్యాస్. గుండెలో దడ గ్యాస్, చేతుల వణుకు గ్యాస్, భార్య పుట్టింటికి వెళ్లి మూడు నెలలైనా అది కూడా గ్యాసే. ఎదురుగా కూర్చోబెట్టి, "నాయనా, మనసేమైనా బాగాలేదా?" అని అడిగితే, "ఏం లేదక్కా, ఒక గోలీ ఇయ్యి, పోత" అని లేచిపోయేవారు. గోలీ మింగి మళ్లీ వారం వచ్చేవారు.

కంపెనీ చేసిన పని ఇంకా విసుగు తెప్పించింది. హెడ్డాఫీసు నుంచి ఒక మేనేజరు వచ్చి, క్యాంటీన్‌లో అందరినీ నిలబెట్టి, పురుషులు కూడా మనసు విప్పి మాట్లాడాలని పావుగంట ప్రసంగించి, చివర్లో "మానసిక సమస్య ఉన్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు. వెనక వరసలోంచి ఎవరో, "మా సలీం భాయ్‌కుంది సార్, రాసుకోండ్రి" అన్నారు. అందరూ నవ్వారు. షిఫ్టు సూపర్‌వైజరు సలీం భాయ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. సమస్యలు లేవని నివేదిక వెళ్లిపోయింది.

యాదయ్యది పక్క ఊరు పాల్మాకుల. సామాను బండ్లను వరసగా తగిలించి విమానం దాకా లాగే ట్రాక్టర్ నడిపేవాడు. నలభై దాటిన డ్రైవర్లకు నెలకోసారి బీపీ చూసి రిజిస్టర్‌లో రాయాలి. పై అంకె నూట అరవై దాటితే డ్రైవరు బండి దిగాలి. డాక్టరు చూసేదాకా అతని బండి నడిపే పర్మిట్ సూపర్‌వైజరు దగ్గర ఉంటుంది, అతను బరువులెత్తే పనికి కాకుండా చిల్లర పనులకు వెళతాడు. షిఫ్టు మొదలయ్యే ముందు సూపర్‌వైజరు ఆ రిజిస్టర్ చూసి ఎవరు బండెక్కవచ్చో, ఎవరు ఎక్కకూడదో అందరి ముందూ చదువుతాడు.

ఒక శనివారం యాదయ్య వచ్చి కూర్చున్నాడు. చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతున్నాను. నా చూపు పాదరసం మీద ఉంది. నేను ముఖంలోకి చూడకపోవడమే అతనికి ధైర్యమిచ్చిందేమో, ఉన్నట్టుండి మొదలుపెట్టాడు.

"తమ్ముడు సచ్చిపోయిన కాంచి నిద్ర పడ్తలేదక్కా. బండి మీద కూసుంటే కండ్లు మూతలు పడ్తున్నయి. ఇంట్ల చెప్తే పరేషాన్ అయితరు. ఇగ ఎవలికి చెప్పాలె?"

ఇన్నేళ్ల సర్వీసులో మొదటిసారి ఒక మగవాడు నా ముందు గ్యాస్ కాని మాట చెప్పాడు. నేను ఆపలేదు. వింటూనే అంకె చూశాను. నూట అరవై ఎనిమిది. చూసింది చూసినట్టు రాయాలన్నది నియమం, రాశాను. ఆ మధ్యాహ్నం షిఫ్టులో సలీం భాయ్ అది చదివి యాదయ్య పర్మిట్ తీసుకున్నాడు.

సాయంత్రానికి క్యాంటీనంతా పాకింది. అక్కకు మనసులో మాట చెప్పిండట, పర్మిట్ గుంజుకున్నరట. ఆదివారం వచ్చిన డ్రైవర్లు గ్యాస్ అని కూడా అనలేదు. తలనొప్పి ఉందా అంటే, "ఏం లేదు మేడం, ఏం లేదని రాసుకోండ్రి" అన్నారు. అక్కను కాస్తా మేడమ్‌ను అయిపోయాను. యాదయ్య గుమ్మంలోనే నిలబడి ఒక మాట అనిపోయాడు. "చెప్పుమంటివి, చెప్తి. ఇగ నోరు తెరువ."

ఇంత మూర్ఖులేమిటని వాళ్ల మీద మండిపడ్డాను. నియమాలు పెట్టిన కంపెనీ మీద మండిపడ్డాను. సోమవారం పొద్దున బీపీ యంత్రం తుడుస్తుంటే అప్పుడు తట్టింది, మండిపడవలసింది ఎవరి మీదో. శిక్షణలో మాకు మొదట నేర్పేదే అది. రోగిని అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి, పట్టీ చుట్టి ఉండగా మాట్లాడనివ్వకూడదు, మాట్లాడితే అంకె పెరుగుతుంది. నేను తమ్ముడి చావు గురించి చెప్పనిస్తూ బీపీ చూశాను.

మా గేటు దగ్గరి మేనేజరుగారికి చెప్పాను. మంగళవారం ఎలాగూ డాక్టరు చూస్తారు కదా, వదిలేయమన్నారు. తప్పని రాస్తే అది నా సర్వీసు ఫైల్లో చేరుతుందని, రిటైర్మెంటు దగ్గర పడ్డదానికి ఎందుకీ తలనొప్పి అని మంచికే చెప్పారు. ఉండనివ్వండి అన్నాను. శనివారం అంకె పక్కన ఎర్ర సిరాతో, రోగి మాట్లాడుతుండగా చూశాను, తప్పు నర్సుది అని రాసి సంతకం పెట్టాను. సలీం భాయ్ ఆ వాక్యాన్ని షిఫ్టు ముందు ఒకటికి రెండుసార్లు చదివాడు. చదవమని నేను అడగలేదు. అందుకు అతనికి నేనెప్పుడూ రుణపడే ఉంటాను.

మంగళవారం డాక్టరుగారు చూస్తే నూట ముప్పై ఆరు వచ్చింది. నేను యాదయ్యను పక్కకు పిలిచి, "పర్మిట్ నీకు తిరిగొస్తుంది. కానీ నిద్ర లేని మనిషిని విమానం కిందికి పంపడానికి నా మనసు ఒప్పదు. డాక్టరుగారికి నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగాను. నేల చూసుకుంటూ వెళ్లిపోయాడు. అయిపోయింది, మళ్లీ మొదటికే వచ్చామనుకున్నాను.

మధ్యాహ్నం సలీం భాయ్ అందరి ముందూ పర్మిట్ చాపాడు. యాదయ్య తీసుకోలేదు.

"నీ దగ్గర్నే ఉండనియ్యి భాయ్. తమ్ముడు యాదికొస్తుండు, నిద్ర పడ్తలేదు. నిద్ర పట్టినంక ఎక్కుత."

ఎవరూ నవ్వలేదు. సలీం భాయ్ పర్మిట్ జేబులో పెట్టుకున్నాడు. "మా అబ్బాజాన్ పోయినప్పుడు నాక్కూడ గట్లనే అయ్యింది. ఎవ్వనికి చెప్పలే. పది దినాలు తీస్కో. నీ బండి ఎవ్వనికియ్య. జర దవాఖానకు పోదాం, నేను కూడ వస్త" అన్నాడు.

డాక్టరుగారు నగరంలోని మనోవైద్యుడికి చీటీ రాసిచ్చారు. సలీం భాయ్ అన్న మాట ప్రకారం తన స్కూటర్ మీద తీసుకెళ్లాడు. పది రోజులు కాదు, నెల దాటాక యాదయ్య మళ్లీ ట్రాక్టరెక్కాడు.

ఆ తర్వాత 2014లో రిటైరయ్యేదాకా నా గదిలో పద్ధతి ఒకటే. ముందు మౌనంగా బీపీ, రాత, సంతకం. తర్వాత రిజిస్టర్ మూసి సొరుగులో పెట్టి, అప్పుడు కబుర్లు. మాటల్లో ఏం తెలిసినా, డాక్టరుగారికి చెప్పవలసి వస్తే ఆ మనిషికి ముందే చెప్పేదాన్ని. గ్యాస్ గోలీలు అడిగేవాళ్లు అప్పుడూ అడుగుతూనే ఉన్నారు, నేను విసుక్కుంటూనే ఉన్నాను.

మగవాళ్లు మాట్లాడరని అందరం అంటాం. నేను చూసినంతలో వాళ్లు మాట్లాడే ముందు, మాట్లాడితే ఏం పోతుందో చూసుకుంటారు, ఆ చూసుకోవడంలో తప్పు లేదు. మాట్లాడమని చెప్పేవాళ్లు, మాట్లాడినవాడి పని ఎలా నిలబెడతారో ముందు తేల్చుకుని రావాలి.