వెండి రంగు పూసిన బోను

మెదక్ వెళ్లాలనుకునేవాళ్లు జూబ్లీ బస్టాండులో పొద్దున ఆరున్నర బస్సు పట్టుకోవడం మేలు. నర్సాపూర్ అడవి దాటేదాకా కిటికీలోంచి మంచి గాలి వస్తుంది. నేను వెళ్లింది మాత్రం చర్చి చూడటానికి కాదు, ఏడుపాయల అమ్మవారి దర్శనానికీ కాదు. ఒక ఇనుప బోను కోసం.

పాత వేట సామాను పోగెయ్యడం నాకున్న పిచ్చి. కంజుపిట్టల వలలు, కుందేళ్ల ఉచ్చులు, వేటగాళ్ల లాంతర్లు మా ముందుగది నిండా ఉన్నాయి. తోళ్లు, గోళ్లు ముట్టను. చట్టం ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. "ఇన్ని బోన్లున్నాయి, వంటింట్లో ఎలుక మాత్రం దర్జాగా తిరుగుతోంది" అని మా ఆవిడ ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

మెదక్‌లో గేట్లు చేసే వెల్డింగ్ షాపు సలీం నాకు ఫోటో పంపాడు. వాళ్ల నాన్న కరీం సాబ్ పడుచువాడుగా ఉన్నప్పుడు మంజీర ఒడ్డున నీటికుక్కలకు పెట్టిన బోను అది, కాలు పడగానే పళ్లున్న రెండు ఇనుప దవడలు మూసుకునే రకం. చట్టం రాకముందు వాటి తోళ్లు పట్నం వ్యాపారులు కొనేవారట. తోలుకు చిల్లు పడితే ధర ఉండదు కనుక, ఆయన ఆ దవడల పళ్లను ఒక్కొక్కటే ఆకురాయితో మొద్దుగా అరగదీసి, పైన గోనె నార చుట్టాడు. అలాంటిది నేనెక్కడా చూడలేదు.

"అబ్బకు కండ్లు కనవడతలెవ్వు సార్. తను పోయినంక పాత ఇనుపోళ్లు తీస్కపోతరని ఒకటే రంది. దాచిపెట్టేటోళ్ల చేతుల పెడితె నిమ్మళంగుంటడు" అన్నాడు సలీం ఫోన్లో. బస్సులోనే తెచ్చుకుంటానని చెప్పాను.

బస్సులో పక్క సీటావిడ టీచరు. "చర్చికా సార్?" అని అడిగింది. బోను కోసమన్నాను. "కోతులదా? మా ఇంటికాడ గూడ ఒకటి పెట్టియ్యుండ్రి. బతకనిస్తలెవ్వు" అంది.

తొమ్మిది దాటాక దిగాను. ముసురు పట్టి ఉంది. బస్టాండు ఎదురు హోటల్లో ఖిచిడీ, పుల్లటి నువ్వుల ఖట్టా తిన్నాను. ఖట్టా బాగుంది, చాయ్ చల్లారిపోయింది. ఆటోలో వెళ్తుంటే చర్చి గోపురం సగం మబ్బులో మునిగి కనిపించింది. ఎందుకో అప్పటికే మనసు బాగోలేదు.

సలీం గుమ్మంలోనే ఎదురొచ్చాడు. నన్ను కూర్చోబెట్టి, గోనె సంచి తెచ్చి విప్పాడు. లోపల బోను కొత్త గేటులా తళతళలాడుతోంది. పళ్లు లేవు, చుట్టిన నారా లేదు. దవడలు నున్నటి పట్టీల్లా ఉన్నాయి.

"బస్సుల ఒళ్లె పెట్టుకుంటరు గద సార్, చెయ్యి కోసుకుంటదని పండ్లన్నిటికి గ్రైండర్ పట్టిన. పాత గొలుసు తీసేసి కొత్తది వెల్డింగ్ చేసిన. రెండు కోట్లు సిల్వర్ పెయింట్ కొట్టిన" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికొచ్చే మనిషి కోసం రాత్రంతా కూర్చుని చేసిన మర్యాద అది. ఏమని తిట్టను? బాగుందన్నాను.

మంచం మీద కూర్చున్న కరీం సాబ్ చేతులు చాపాడు. "ఇటియ్యి బేటా. ఒక్కపారి ముట్టుకోని ఇస్త."

ఆయన వేళ్లు దవడ వెంట ఆ చివరిదాకా పోయి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చాయి. గొలుసు తడిమాడు. తర్వాత బోనును పక్కన పెట్టేశాడు.

"ఇది నాది గాదు."

"గదే అబ్బా. సాఫ్ చేసిన."

"నా చేతికి తెల్వదా? నాదానికి పండ్లున్నయి. తెగిన గొలుసుకు రాగితీగ చుట్టిన. గదేది?"

"పాత గొలుసు నిన్ననే తుక్కుల ఏసిన అబ్బా" అన్నాడు సలీం మెల్లగా.

ముసలాయన నావైపు తిరిగాడు. "ఇన్నరా సాబ్? తుక్కుల ఏసిండట. అసలుది అమ్ముకున్నడు. గింత దూరం వచ్చిన మీకు గీ నకిలీది అంటగడుతుండు. మాఫ్ చెయ్యుండ్రి."

ఫోటోలో చూసింది ఇదేనని, స్ప్రింగు వంపు కూడా అదేనని నేను చెప్పాను. "మీరు మంచోళ్లు. వాన్ని కాపాడుతుండ్రు" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. సలీం బోనును మళ్లీ గోనె సంచిలో పెట్టి మూతి కట్టాడు. అతని ముఖం చూడలేకపోయాను.

బండి మీద బస్టాండు దాకా అతనే దింపాడు. "తీస్కపోండ్రి సార్. ఇంట్ల ఉంటె రోజూ ముట్టుకుంటడు, రోజూ నన్ను దొంగ అంటడు."

మధ్యాహ్నం బస్సు ఖాళీగానే ఉంది. సంచి ఒళ్లో పెట్టుకున్నాను. నిజమే, చేతికి ఎక్కడా గుచ్చుకోలేదు. పాత సామాను కోసం ఎవరింటికైనా వెళ్లేవాళ్లు, దాని మీది దుమ్ము కూడా తుడవొద్దని ముందే చెప్పాలి. ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్న నాకు ఆ ముక్క నోటికి రాలేదు.

నర్సాపూర్ దగ్గర వాన మొదలైంది. సలీం నంబరు నుంచి ఫోనొచ్చింది. గొంతు మాత్రం కరీం సాబ్‌ది.

"సాబ్, మీరు పాత సామాను కోసం అంతట తిరుగుతరు గద. నా అసలుది ఎక్కడన్నా కండ్లవడితె జర చెప్పుండ్రి. మంచిగ ఉన్నదంటె చాలు. పిలగాన్ని గూడ ఏమనను."

చెబుతానని మాటిచ్చాను. నాలుగు రోజులాగి, దొరికిందని ఫోన్ చెయ్యడం పెద్ద కష్టం కాదు. ఒక్కసారి తెచ్చి చేతికియ్యమంటేనే, ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.