తాళం మాట

నల్లగొండ గడియారం సెంటర్‌కు కాస్త అవతల ఒక సందులో ఉండేది చాచా ప్రెస్సు. పెళ్లిపత్రికలు, బిల్లుపుస్తకాలు, దుకాణాల కరపత్రాలు అచ్చువేసేవాడు. కానీ ఆయనకు పేరు తెచ్చినవి పరీక్ష పేపర్లు. ఊళ్లోని ప్రైవేటు బడులే కాదు, చుట్టుపక్కల మండలాల బడులు కూడా ప్రశ్నపత్రాలు ఆయన చేతికే ఇచ్చేవి. చాచా దగ్గర అచ్చయిన పేపరు పరీక్షకు ముందు బయటికి పొక్కిందని ఎవరూ అనగా నేను వినలేదు.

నేను అక్కడ పనికి చేరింది తొంభైల నడుమ. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మా ఆయనకు నందికొండలో ఇరిగేషన్ కొలువు. శనివారం సాయంత్రం వచ్చి, సోమవారం పొద్దున్నే బస్సెక్కేవాడు. నల్లగొండలో కిరాయి ఇంట్లో నేను, మా అత్త, పదో తరగతి చదివే మా ఆడబిడ్డ ఉండేవాళ్లం. పెళ్లికి ముందే కంప్యూటర్ కోర్సు చేసి ఉన్నాను కాబట్టి, చాచా కంప్యూటర్ కొన్నాడని తెలిసి వెళ్లి అడిగాను. ఆయన వెంటనే రమ్మన్నాడు.

సీసం అక్షరాల రోజుల్లో పేపర్లు కూర్చింది కాకా. కట్టంగూర్ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. చిన్నప్పటి నుంచి అక్షరాలు ఏరి ఏరి ఆయన వేళ్ల కొసలు నల్లబడిపోయాయి. ఆ రోజుల్లో చాచా ఎంత జాగ్రత్తగా ఉండేవాడో నాకు ఆయనే చెప్పాడు. ప్రూఫు కాగితాలన్నీ ఏరి పెరట్లో తగలబెట్టేవాడట. అచ్చు ముగిశాక, కట్టిన పేజీ విప్పి అక్షరాలను తిరిగి గళ్లల్లో పోసేదాకా కాకాను ఇంటికి పోనిచ్చేవాడు కాదట.

కంప్యూటర్ వచ్చాక చాచాకు అక్కడే చిక్కొచ్చింది. నేను చేరిన కొత్తలో ఒకరోజు నా పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు.

“కాయితమైతె కాలవెడ్త. సీసమైతె ఇప్పుకుంట. గీ డబ్బల ఉన్నదాన్ని ఏం జెయ్యాలె బేటీ?”

“తీసేయొచ్చు చాచా. ఒక్క మీట నొక్కితె పోతది.”

“పోయింది మల్ల రాదు గద?”

అబద్ధం చెప్పాలనిపించలేదు. తీసేసిన దాన్ని కొన్నిసార్లు వెనక్కి తేవచ్చని, అది మాకు కోర్సులో చూపించారని చెప్పాను. చాచా గడ్డం నిమురుకుంటూ తెర వైపు చూశాడు. “అంటె కాలవెట్టిన కాయితం బూడిదలకెల్లి లేసొస్తదన్నట్టు,” అన్నాడు.

ఆ కంప్యూటర్ గురించి ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉండేది. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ తక్కువ ధరలో పెట్టిస్తానని హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు చెప్తే, చాచా వద్దని అసలుదే కొన్నాడు. “రేపు పరీక్షల ముందల బందయితె, కాపీ అమ్మినోన్ని యాడ వట్టుకోవాలె?” అన్నది ఆయన మాట. అసలుదానితో పాటు అగ్గిపెట్టెకన్నా చిన్న ముక్క ఒకటి వచ్చింది. దాన్ని యంత్రం వెనక గుచ్చితేనే తెలుగు అక్షరాలు తెరుచుకుంటాయి. చాచా దాన్ని రోజూ సాయంత్రం పీకి, షట్టర్ తాళంచెవితో పాటు జేబులో వేసుకొని ఇంటికి పోయేవాడు. పక్క సందులో ప్రెస్సాయన కాపీతోనే నడిపించుకుంటూ, మా చాచాను చూసి నవ్వేవాడు. కాకాకైతే అసలుదైనా కాపీ అయినా ఒక్కటే. ఒత్తులు తిన్నగా కూర్చోలేదని రెండింటినీ తిట్టేవాడు.

పేపర్లు ఇచ్చే బడుల్లో పెద్దది మా ఆడబిడ్డ చదివే బడి. ఆ బడి పెద్దసారు ఒకరోజు స్వయంగా వచ్చాడు.

“కంప్యూటర్‌లో వేస్తే పేపర్ ఎవరైనా తీసేసుకోవచ్చు అంటున్నారు. పాత పద్ధతిలోనే వేయరాదా?”

“పాత అచ్చరాలు అరిగిపోయినయి సారు. మీరే గద, పిల్లలకు కనవడ్తలేవంటిరి?” అన్నాడు చాచా.

అయినా సారు భయం పోగొట్టడానికి ఇంజనీరును మళ్లీ పిలిపించాడు. ఆయన వచ్చి, స్విచ్చి వేయగానే యంత్రం ఒక మాట అడిగేలా పెట్టాడు. ఆ మాట కొడితేనే ముందుకు పోతుంది. దానికి తాళం మాట అని పేరు పెట్టింది కాకా. మరి ఆ మాట ఎవరి దగ్గర ఉండాలి?

“నాకు చెప్పకు బేటీ,” అన్నాడు చాచా. “మా అన్నదమ్ముల పిల్లలు, మా బావమర్ది పిల్లలు, అందరు గీ బళ్లల్లనే సదువుతున్నరు. తెల్వకుంటె తెల్వదంట. తెలిస్తె అబద్ధమాడాలె.”

కాకా కూడా చేతులడ్డం పెట్టాడు. “బస్సుల ముచ్చట వెట్టుకుంట పోత బిడ్డా. యాడనన్న నోరుజారుత.”

“చాచా, మా ఆడబిడ్డ గూడ ఆ బళ్లెనే ఉన్నది,” అని గుర్తుచేశాను.

“ఎరుకనే. అయిన నీ తాననే ఉండని,” అన్నాడు.

వాళ్లిద్దరూ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డారు. అప్పటికి నాకు నాలుగో నెల. నోరంతా చప్పగా ఉండి, పొద్దుటి నుంచి ఒకే ఒకటి తినాలని ఉంది. ఆలోచించకుండా అదే కొట్టేశాను.

ప్రెస్సు ముచ్చట ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. మాటవరసకు మా ఆయనతో అంటుంటే అత్త విన్నది.

“మొగనికి గూడ చెప్పరాని మాటనా?” అంది ఆశ్చర్యంగా.

మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. అత్త మాత్రం మనసులో పెట్టుకుంది. అర్ధ సంవత్సరం పరీక్షలు దగ్గరపడుతుంటే, ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చొని బియ్యం ఏరుతూ మెల్లగా ఎత్తింది.

“పిల్ల లెక్కల్ల ఎనకవడ్డది. పేపరియ్యమంటలేను. ఏ పాఠం జూసుకోవాల్నో జర ఇషార ఇయ్యి.”

“అత్తా, నీ కాళ్లు మొక్కుత, నన్నడగకు.”

ఆమె చేటలో బియ్యం ఎగరేస్తూ తల దించుకుంది. అత్త బడి మొఖం చూసినదేమీ కాదు. కూతురు పది పాసై ఏదో ఒక కొలువులో కుర్చీ మీద కూర్చోవాలన్నదే ఆమె ఆశ. అందులో తప్పేముంది? ఆ తర్వాత కొన్నాళ్లు నాతో పొడిపొడిగా మాట్లాడింది. అయినా పొద్దున్నే లేచి నా టిఫిన్ డబ్బా కట్టివ్వడం మానలేదు.

పేపర్లన్నీ కొట్టడం అయిపోయింది. మర్నాడు కాగితం మీద తీసి, ప్లేట్లు చేయించి, అచ్చు మొదలుపెట్టాలి. ఆ తెల్లవారి పొద్దున్నే, చెప్పిన గడువుకు చాలా ముందుగా, నాకు నొప్పులొచ్చాయి. అత్త నన్ను రిక్షాలో కూర్చోబెట్టి, దారి పొడుగునా వీపు రాస్తూ దవాఖానకు తీసుకుపోయింది. మా ఆయన నందికొండలో. కబురు పంపినా సాయంత్రందాకా చేరలేడు. మధ్యాహ్నం కాకముందే బిడ్డ పుట్టింది. చిన్నపిట్టలా ఉంది, అయినా గట్టిగా ఏడ్చింది. నాకు ప్రెస్సు గుర్తు లేదు, పేపర్లు గుర్తు లేవు.

అక్కడ ప్రెస్సులో ఏం జరిగిందో తర్వాత కాకా చెప్పాడు. బిడ్డ పుట్టిన కబురు మా ఆడబిడ్డ వాళ్లకు చేరవేసిందట. యంత్రం స్విచ్చి వేయడం, ప్రింటు తీయడం కాకాకు నేను నేర్పే ఉంచాను. వేశాడు. తాళం మాట అడిగింది. అంతలో పెద్దసారు పేపర్ల సంగతి కనుక్కోవడానికి వచ్చాడు. ముగ్గురూ కలిసి ఎస్టీడీ బూత్‌కు పోయి ఇంజనీరుకు ఫోన్ చేశారు. మూత విప్పితే లోపల బిళ్లలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుందని, దాన్ని కాసేపు తీసి పెడితే మాట పోతుందని, తాను మాత్రం ఎల్లుండికి గానీ రాలేనని ఆయన చెప్పాడు.

చాచాకు ఫోన్ చేతిలోనే ఉండిపోయిందట. “మూత ఇప్పితె పోయే తాళమా గిది! గీ సంగతి ముందుగాల ఎందుకు చెప్పకపోతివి?”

“ఎలాగైనా విప్పుదాం,” అన్నాడు పెద్దసారు.

“బిళ్ల తీస్తె తాళమే పోతదో, లోపటి పేపర్లే పోతయో, ఎవలికెరుక?” అన్నాడు కాకా.

“అయితే ఆ అమ్మాయినే అడిగి రండి.”

“బాలింతను పోయి ఎట్లడుగుతం సారు?” అని చాచా కోప్పడ్డాడట. అయినా కాళ్లు నిలవక, కాకాను, ఇంటి నుంచి తన భార్య చాచీని వెంటబెట్టుకొని దవాఖానకు వచ్చాడు. ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. ఇద్దరూ బయట వేపచెట్టు కింద నిలబడి, చాచీని లోపలికి పంపారు.

చాచీ వేడివేడి పాలు తెచ్చింది. బిడ్డను చూసి మురిసింది, దిష్టి తీసింది, నా నుదురు నిమిరింది. ఎందుకొచ్చిందో ఆ మాట మాత్రం నోటికి రాలేదు. ఆమె కళ్లు కిటికీ వైపు పోతుండడం అత్త కనిపెట్టింది.

“చెట్టు కింద మీ ఇంటాయనే గద నిలవడ్డది? ఏమైంది?”

అప్పుడు చాచీ చెప్పింది. నేను ఉలిక్కిపడి లేవబోతే అత్త భుజం పట్టి పండబెట్టింది.

“దగ్గరికి రా చాచీ, నీ చెవుల చెప్త,” అన్నాను.

చాచీ రెండు చెవులూ మూసుకుంది. “వద్దు బేటీ! మా ఇంట్ల సదివే పిల్లలు మస్తుమంది. ఆయన వద్దన్నదాన్ని నేనెట్ల మోస్త?”

రాసిద్దామంటే, ఆ మాటను కాగితం మీద పెట్టొద్దని చాచా మొదట్లోనే అన్నాడు. నర్సు పనిలో ఉంది. కాకా లోపలికి రాలేడు. నేను కదల్లేను. మిగిలింది అత్త ఒక్కతే. నేను ఆమె ముఖం చూశాను. ఆమె నా ముఖం చూసింది. ఇద్దరికీ ఆ బియ్యం ఏరిన మధ్యాహ్నమే మనసులో మెదిలిందని నాకు తెలుసు. అత్త కొంగు సర్దుకొని, వంగి, చెవి నా నోటి దగ్గర పెట్టింది.

“తొక్కు,” అన్నాను.

అత్త తల ఎత్తి కళ్లు పెద్దవి చేసింది. “ఏందీ?”

“తొక్కు అత్తా. నువ్వు నూరే చింతకాయ తొక్కు. గా దినం తినాలనిపించింది.”

“గిదా? మొగనికి గూడ చెప్పకుండ దాసింది గిదా!” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బిడ్డను చాచీ ఒళ్లో పెట్టి బయటికి నడిచింది.

చెట్టు కింద కాకాకు చెప్పి తిరిగి రావచ్చు. కానీ చాచా అక్కడే ఉన్నాడు, దారిన పోయేవాళ్లున్నారు. “ప్రెస్సుల్నే చెప్త పదండి,” అని వాళ్లతోపాటు నడిచిందట. అక్కడ చాచా, పెద్దసారు బయట ఉండిపోతే, అత్త కాకా చెవిలో చెప్పింది. కాకా కొట్టాడు. తెరుచుకోలేదు. ఇంగ్లిషు అక్షరాల్లో ఆ మాటను ఎట్లా రాశానో ఆమెకేం తెలుసు?

“సరింగ ఇన్నవా అమ్మా?”

“నా కోడలు నా చెవుల చెప్పింది. దినాం నా చేతుల నూరేదాన్ని మర్సిపోతనా?” అని అత్తకు కోపం వచ్చింది.

కాకా ఆలోచించి ఒక అక్షరం కలిపి చూశాడు. ఒకటి తీసి చూశాడు. చివరికి తెరుచుకుంది.

పని ఎట్లా సాగుతుందో చూసిపొమ్మని కాకా స్టూలు వేశాడట. ప్రింటు సరిగా రాని లెక్కల పేపరు కాగితాలు అప్పటికే కింద పడి ఉన్నాయి. అత్త వాటి వైపు ఒకసారి చూసి, వెంటనే గడప దాటి వాకిట్లోకి వచ్చేసింది. “గవ్వి కాలవెట్టినంక పోత,” అని నిలబడి, చాచా వాటిని పెరట్లో తగలబెట్టేదాకా ఉండి, దవాఖానకు వచ్చింది. నాతో మాత్రం “అయింది, పండుకో” అని ఒక్క మాట అంది.

ఆడబిడ్డకు ఆ సంగతి తెలిసి పెద్ద లొల్లి చేసింది. “అంతదూరం పోయి, ఒక్క కాయితమన్న కొంగుల వెట్టుకొని రాకపోతివి!”

“నీ వదినె నా మీద నమ్మకం వెట్టి చెప్పింది బిడ్డా,” అంది అత్త. “నువ్వు సదువుకొని రాయి. ఎన్నొస్తె గన్ని.”

లెక్కల్లో గట్టెక్కిందంతే. అత్త ఆ మార్కుల కాగితాన్ని నా చేత రెండుసార్లు చదివించుకొని, మడిచి దేవుడి పటం వెనక పెట్టింది.

నేను తిరిగి పనికి పోయేసరికి చాచా కొత్త పద్ధతి పెట్టాడు. మాట ఒక్కరి దగ్గర ఉంటే ఆ ఒక్కరికి జ్వరమో నొప్పో రావచ్చు. అందుకని కొత్త మాటను రెండు ముక్కలు చేసి, ముందరి ముక్క నాకు, వెనకది కాకాకు ఇమ్మని ఇంజనీరుకు చెప్పాడు. మూత ఎవరూ విప్పకుండా వడ్లాయన చేత యంత్రానికి చెక్కపెట్టె చేయించి, దానికి మామూలు తాళం వేశాడు. పెద్దసారు చూసి, ఇదే అన్నిటికన్నా గట్టి ఏర్పాటని మెచ్చుకున్నాడు.

ఒక ఎండాకాలం పొద్దున కట్టంగూర్ బస్సు దారిలో ఆగిపోయింది. కాకా రాలేదు. నా ముక్క నేను కొట్టి కూర్చున్నాను. పెళ్లిపత్రికల వాళ్లు, కరపత్రాల వాళ్లు మెట్ల మీద చేరారు. సీసమే మంచిదని ఒకరు, తాళం తీసెయ్యమని ఇంకొకరు, మరో కంప్యూటర్ కొనమని వేరొకరు తలా ఒక సలహా ఇచ్చారు. చాచా అందరికీ చాయ్ తెప్పించాడు. నా బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకొని, మెట్టు మీద కూర్చొని ఆడించాడు.

“కాకా ఇంకెప్పుడొస్తడు చాచా?” అని అడిగాను.

“వస్తడు, ఫికర్ చెయ్యకు,” అన్నాడు, బిడ్డ చేతిలోంచి తన కళ్లద్దాలు మెల్లగా విడిపించుకుంటూ.