తోడేలా, కుందేలా

వియోలెత్తా చేసే ఉద్యోగమేమిటో ఆమె తండ్రికి ఎన్నేళ్ళయినా అంతుపట్టలేదు. పోజ్నాన్ ఊళ్ళో ట్రాములు నడిపి రిటైరైన జెనోన్‌ను ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి కంప్యూటర్లో తోడేళ్ళని పెంచుతుంది" అని చెప్పి ఊరుకునేవాడు. ఆ మాటలో పెద్ద తప్పేమీ లేదు. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉండే కంప్యూటర్ ఆటల్లో మొదటి గంట ఎలా సాగాలో తీర్చిదిద్దడం ఆమె పని. ఆట కొన్నవాడు ఎవరి చేతిలో తన్నులు తినాలి, ఎప్పుడు లేచి తిరగబడాలి అన్నది ఆమే నిర్ణయిస్తుంది.

తన్నులు ఉండి తీరాలని ఆమె పట్టు. ఆమె చిన్నప్పుడు పేట మొత్తానికీ ఒకే కంప్యూటర్ ఉండేది, సాంస్కృతిక భవనంలో. దాని ముందు పిల్లలంతా వరసలో నిలబడేవారు. ఒక చలికాలమంతా వియోలెత్తా మొదటి గుహలోనే, దిక్కుమాలిన గబ్బిలం ఒకదాని చేతిలో చస్తూ గడిపింది. చచ్చిన ప్రతిసారీ వెళ్ళి వరస చివర నిలబడాలి. మంచు కరిగే రోజుల్లో ఒక సాయంత్రం ఆ గబ్బిలమే చచ్చింది. వరసలో ఉన్నవాళ్ళంతా తమ వంతు మాట మరిచిపోయి ఆమెను ఎత్తుకుని గెంతారు. తర్వాత ఆ ఆట పూర్తిచేసిందో లేదో ఆమెకే గుర్తులేదు.

ఇప్పుడు ఆమె చేస్తున్న ఆటలో వీరుడు నదిలో కొట్టుకొచ్చి, సగం ప్రాణంతో అడవి ఒడ్డున పడతాడు. చేతిలో ఒక కర్ర. ఎదురుగా చెక్క వంతెన, వంతెన మీద తోడేలు. చెట్ల కింద మొలిచిన పుట్టగొడుగులు కోసుకు తింటే ఒంట్లోకి సత్తువ వస్తుంది, అప్పుడు తోడేలుతో తలపడొచ్చు. ఈ సంగతి ఆటలో ఎక్కడా రాసి ఉండదు. తిని చూసి తెలుసుకోవలసిందే. "అన్నిటికీ చీటీలు అంటిస్తే అది అడవెందుకవుతుంది, మందుల షాపవుతుంది" అనేది వియోలెత్తా.

శరదృతువు మొదలవగానే ఊళ్ళోవాళ్ళని జట్లుజట్లుగా పిలిచి ఆడించి చూశారు. దాదాపు అందరూ వంతెన దగ్గరే చచ్చారు. పుట్టగొడుగు మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు. కనపడలేదేమోనని వియోలెత్తా ఇంకొన్ని మొలిపించింది. అయినా ముట్టుకోలేదు. ఈసారి వంతెన పొడవునా, తోడేలు కాళ్ళ దగ్గర కూడా మొలిపించింది. జనం ఇంకా త్వరగా చచ్చి, వెళ్తూ వెళ్తూ "అడవి భలే భయంగా ఉందండీ" అని చెప్పిపోయారు. ఆమె దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టింది.

కంపెనీ యజమాని తోబియాష్‌కు ఓపిక నశించింది. వయసులో ఆమెకంటే చిన్నవాడు, మంచివాడే గాని నిద్రలేక కళ్ళు గుంటలు పడి ఉన్నాడు.

"వియోల్కా, కోటలు, డ్రాగన్లు, రాజకుమార్తెలు, మనం రెండేళ్ళు చెమటోడ్చి కట్టినవన్నీ ఆ వంతెన అవతల ఉన్నాయి. ఒక్కడూ అవతలకి పోడే! ఎవరికి చూపించుకోమంటావు?"

"తోడేలు పళ్ళు ఇంకాస్త అరగదీస్తాలే."

"ఇంకెక్కడున్నాయి పళ్ళు? అది ఇప్పటికే ముసలి కుక్కలా మూలుగుతోంది. శుక్రవారం ఆఖరి జట్టు వస్తోంది. అందులో సగం మందైనా దాటకపోతే తోడేల్ని పీకేసి కుందేల్ని పెడదాం."

"కుందేలా?"

"ముద్దుగా ఉంటుంది. జనానికి నచ్చుతుంది."

వియోలెత్తాకు తిండి సయించలేదు. కుందేల్ని కొట్టి వంతెన దాటినవాడికి అవతలి కోట చూస్తే ఒళ్ళెందుకు పులకరిస్తుంది? ఏడాదిగా ఆ తోడేలుతో రోజూ తలపడుతోంది. అది ఏ కాలు ముందు వేస్తుందో, ఎప్పుడు దూకుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఆ తోడేలు మీద ఆమెకు ప్రేమ ఉంది, దాచుకోవడమెందుకు. అంత బాగా తెలిసినందువల్లే ఆమె ఎప్పుడూ ఒక్క పుట్టగొడుగు కోసిన పాపాన పోలేదు.

బుధవారం మధ్యాహ్నం జెనోన్ ఆఫీసుకు వచ్చాడు. ముసలివాళ్ళకి ట్రాములో టికెట్టు లేదు కాబట్టి, కూతురికి భోజనం గిన్నె తేవడం ఒక వంక, దారిలో కుర్ర డ్రైవర్లు బ్రేకులు ఎలా వేస్తున్నారో చూసి తిట్టడం అసలు పని. గిన్నెలో ఉడికించిన బంగాళాదుంపలు, ఉల్లికాడలు కలిపిన మెత్తటి జున్ను. కూతురు గిన్నె మూత కూడా తియ్యకపోయేసరికి ఆయనకు సంగతి అర్థమైంది.

"ఎవడే నిన్ను ఏడిపించింది?"

"తోడేలు నాన్నా. కూర్చో, నువ్వూ ఒకసారి ఆడు."

జెనోన్ కళ్ళజోడు సవరించుకుని కూర్చున్నాడు. మౌసును అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి గంట లేదా? అది దారికి అడ్డంగా నిలబడితే గంట కొట్టాలి గదా."

"గంట లేదు, కర్ర ఉంది. కొట్టు."

కొట్టాడు, చచ్చాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ చచ్చాడు. "మొండి వెధవ" అని మురిపెంగా తిట్టి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇంకోసారి చచ్చాక వియోలెత్తా ఉండబట్టలేక, తాను పెట్టుకున్న నియమం తానే తప్పింది.

"నాన్నా, ముందు ఆ పుట్టగొడుగులు తిను."

జెనోన్ మౌసు వదిలేసి కూతురి వైపు తిరిగాడు. "ఏమన్నావు?"

"పుట్టగొడుగులు. కోసుకుని తిను."

"నీకేమైనా మతిపోయిందా? ఫ్లాటు నీ పేరనే రాశాను గదే, ఇంకా తొందరేమిటి? సరిగా చూడు! పచ్చపచ్చగా టోపీ, మెడకి పట్టీ, అడుగున సంచి. స్రొమోత్నిక్కే అది, పచ్చి విషప్పుట్టగొడుగు! తిన్నవాడి లివరు కరిగి నీళ్ళవుతుంది!"

"ఇది ఆట నాన్నా."

"ఆటైతే మాత్రం? ఆటలోనైనా నేను స్రొమోత్నిక్ తినను. మీ అమ్మకి తెలిస్తే చంపేస్తుంది."

వియోలెత్తా ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది. స్రొమోత్నిక్కే. అడవిలో పుట్టగొడుగులు ఏరుకునే ఆ దేశంలో పిల్లలకి మాటలు రాకముందే, ముట్టొద్దని చేతి మీద కొట్టి నేర్పించే ఆకారం. అడవినిండా దాన్నే మొలిపించి, జనం తినడం లేదని ఇంకా ఇంకా మొలిపించింది తనే. ముందు ఆమెకు ఒళ్ళు జలదరించింది, ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

బొమ్మలు వేసే నూనో పరుగెత్తుకొచ్చాడు. పోర్చుగల్‌లో పుట్టి పెరిగిన అతనికి పుట్టగొడుగంటే డబ్బాలో దొరికే వస్తువు.

"ఎందుకు నవ్వుతున్నారు? అందంగా లేదా? పుస్తకం చూసి వేశాను."

"ఆ పుస్తకంలో ఏం రాసుందోయ్?" అని అడిగాడు జెనోన్.

"చదవలేదు. బొమ్మ చూశాను."

గదిలో నవ్వని మనిషి లేడు. ఆ నవ్వులు విని వచ్చిన తోబియాష్ మాత్రం బుర్ర గోక్కున్నాడు. "విషమని నాకూ తెలుసు. వియోల్కా కావాలనే పెట్టిందనుకున్నా. ఎంత క్రూరురాలో అని మనసులో మెచ్చుకున్నా కూడా."

సాయంత్రం దాకా జెనోన్ నూనో పక్కనే కూర్చుని, తినదగిన పుట్టగొడుగు బొమ్మ వేయించాడు. "కాడ లావుగా ఉండాలి. టోపీ బాగా కాలిన రొట్టె రంగు. అది కనపడితే ముసలివాడు కూడా మోకాళ్ళ మీద పడిపోవాలి." ఆ పక్కనే వియోలెత్తా తోడేలుకు పళ్ళన్నీ తిరిగి పెట్టేస్తోంది.

"పళ్ళు కూడానా? ఎల్లుండే శుక్రవారం!" అన్నాడు తోబియాష్.

"ఎల్లుండి దాటకపోతే నీ కుందేల్ని నేనే పెడతాను" అంది వియోలెత్తా.

శుక్రవారం వచ్చిన జట్టు కూడా మొదట వంతెన దగ్గర చచ్చింది. వియోలెత్తా గోళ్ళు కొరుక్కుంది. అంతలో ఒకావిడ "అదిగో, అసలైన తినే పుట్టగొడుగు!" అని కేకేసింది. అంతే, తోడేలు సంగతి ఎవరికీ పట్టలేదు. అడవంతా గాలించి కోయడమే పని. ఎక్కడ దొరికిందో పక్కవాడి కంట పడకుండా తెరకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తిన్నారు, సత్తువ వచ్చింది, వంతెన ఎక్కారు. మళ్ళీ చచ్చారు, ఈసారి నవ్వుతూ, కుర్చీలు ముందుకు జరుపుకుంటూ. ఒకడు దాటాడు, ఆ వెనకే ఇంకొకతె. సాయంత్రానికి సగానికి మించి దాటేశారు. తోబియాష్ వచ్చి వియోలెత్తాను గట్టిగా కౌగిలించుకున్నాడు.

జట్టువాళ్ళంతా వెళ్ళినా జెనోన్ మాత్రం మూల కుర్చీలోంచి కదల్లేదు. చెమటలు కక్కుతూ, తిట్టుకుంటూ, చస్తూనే ఉన్నాడు. చివరికి కర్ర దెబ్బ ఒకటి సరిగా తగిలింది. తోడేలు పడింది. ఆయన కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలియక పక్కనున్న నూనోని ముద్దు పెట్టుకున్నాడు.

"కాస్త కష్టమైందా జెనోన్ గారూ? కుందేలైతే నయమేమో?" అని కవ్వించాడు తోబియాష్.

"కుందేల్ని కొట్టానని చెప్పుకుంటే జనం నన్ను కొడతారయ్యా" అన్నాడాయన.

ఇంటికి వెళ్ళే ట్రాములో కూతురి పక్కన కూర్చున్న జెనోన్ డ్రైవర్ వైపు చూడనే లేదు. బ్రేకు గట్టిగా పడినా పట్టించుకోలేదు. ఎదుటి సీట్లో క్యాబేజీ సంచితో కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ వైపు వంగి, "ఇవాళ నేనొక తోడేల్ని చంపానండీ" అన్నాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "పెద్దదేనా?"

వియోలెత్తా సంతోషం ఆపుకోలేకపోయింది. తండ్రి నోరు తెరిచేలోపే, "చాలా పెద్దదండీ" అంది.