మిష్రిఫ్ ఇంట్లో ఆడవాళ్ళ బెల్టు

మొన్నొక శుక్రవారం కువైట్‌లో, ఖైతాన్‌లో మేముండే గదిలో, నాకు వరసకు చెల్లెలయ్యే అమ్మాయి ఫోనులో ఒక వీడియో పెట్టి నా చేతికిచ్చింది. టీవీ కుస్తీ పోటీల్లో ఆడవాళ్ళ టైటిల్ బెల్టు మొదటినుంచి ఎవరి దగ్గరనుంచి ఎవరికి మారుతూ వచ్చిందో వరసగా చూపించే వీడియో అది. ఒక్కొక్క ముఖం తెరమీదికి రాకముందే, ఇప్పుడు ఎర్రజుట్టామె వస్తుంది, ఆమె దగ్గర ఇంకొకామె గుంజుకుంటుంది, తిరిగి ఎర్రజుట్టామెకే వస్తుంది అని నేను చెప్పుకుంటూ పోతుంటే ఆ పిల్ల, "అక్కా, నువ్వు గానీ పోయి వాళ్ళతో కుస్తీ పట్టొచ్చినావా ఏంది?" అని ఒకటే నవ్వు.

వీడియోలో తప్పేమీ లేదు. తప్పుంటే పట్టుకుందామనే నేనూ చూశాను, అది నా అలవాటు. కానీ నాకు అన్నిటికంటే బాగా గుర్తున్న ఆట మాత్రం అందులో లేదు. లేకపోవడమూ న్యాయమే. ఆ రోజు బెల్టు చేతులు మారలేదు కాబట్టి, మారిన లెక్కలు మాత్రమే రాసేవాళ్ళకు దానితో పనిలేదు.

అప్పట్లో నేను మిష్రిఫ్‌లో ఒక కువైటీ వాళ్ళ ఇంట్లో ఇల్లూ గుడ్డలూ చూసుకునేదాన్ని. వంటంతా మా అక్క చేసేది. సొంత అక్క కాదు, మా రాయచోటి వైపు మనిషి, నాకంటే ముందు వచ్చిన మనిషి, అంతకంటే ఎక్కువ చుట్టరికం పరాయి దేశంలో అక్కర్లేదు. ఇంటి యజమానురాలిని మేము అక్కడి అలవాటు ప్రకారం మామా, అంటే అమ్మా, అనేవాళ్ళం, ఆమె తల్లిని పెద్ద మామా. ఈ పెద్ద మామాకు మోకాళ్ళు పట్టేసి గది దాటి వచ్చేది కాదు గానీ, టీవీలో కుస్తీ వచ్చిందంటే మంచం మీదే సగం లేచి కూర్చునేది. శుక్రవారం మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక ఆడవాళ్ళ కుస్తీ వచ్చేది. నేను ఆమె కాళ్ళు పిసుకుతూ, అక్క గడప దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, ముగ్గురమూ కలిసి చూసేవాళ్ళం. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒక టీవీ ముందర ఇంటిల్లిపాదీ కూర్చోవడమంటే ఎట్లా ఉండేదో.

నేను బడికి పోయింది తక్కువ. లెక్కలన్నీ బియ్యం డబ్బాల దగ్గర, పాల ప్యాకెట్ల మీది తేదీల దగ్గర నేర్చుకున్నవే. అరబీ అంకెలైతే ఇంటిముందు ఆగే కార్ల నంబరు పలకలు చూసి నేర్చుకున్నాను. అందువల్లనేమో, ఆ కుస్తీలో అందరూ దెబ్బలు చూస్తుంటే నాకు వరస మీదే ధ్యాస ఉండేది. ఈ బెల్టు ఈమెకు ఎవరి దగ్గరనుంచి వచ్చింది, ఆమెకు ఎవరి దగ్గరనుంచి వచ్చింది అని వెనక్కి వెనక్కి పోతే, మా ఊళ్ళో ముసలివాళ్ళు చుట్టరికాలు విప్పి చెప్పినట్టు మొదటామె దాకా పోవచ్చు. వాళ్ళ అసలు పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. అక్క మెచ్చిన మనిషి నడినెత్తిన ముడి వేసుకునేది, అందుకని కొప్పామె. పెద్ద మామా మెచ్చిన మనిషి పొడుగామె. ఆ ఏడాది బెల్టు కొప్పామె దగ్గర ఉండేది.

ఆ రోజుల్లోనే అక్కకు ఊరినుంచి కబురొచ్చింది. వాళ్ళ చేన్లో బోరు వేస్తే ఎన్నాళ్ళకో నీళ్ళు పడ్డాయి, టమాటా పెడుతున్నాము, ఇంక అక్కడ చాలు, వచ్చేసెయ్ అని బావ ఫోను చేశాడు. ఆమె కువైట్ వచ్చిందే ఆ నీళ్ళ కోసం. సంతోషించాలి, సంతోషించింది కూడా. కానీ ఆ ఇంట్లో అక్క రుచి చూడనిదే మాంసం వేసి వండే మజ్బూస్ అన్నం బల్ల మీదికి పోయేది కాదు. ఆమె మాటకు ఎదురు లేని చోటు ఆమె పుట్టి బుద్ధెరిగాక ఆ వంటిల్లు ఒక్కటే. పోతే అది పోతుంది, ఉంటే చేను చూడడం పోతుంది.

మా వైపు ఇట్లాంటి చిక్కు వస్తే దేవుడి దగ్గర పువ్వు అడుగుతారు. పటానికి అటూ ఇటూ రెండు పూలు పెట్టి, కుడి పువ్వు పడితే సరే, ఎడమది పడితే వద్దు. మా గదిలో పటం ఉంది గానీ, ఏసీ గాలికి పువ్వు పడితే దేవుడు వేసినట్టా ఏసీ వేసినట్టా అని అక్కకు అనుమానం. అందుకని ఆమె ఇంకొకటి అనుకుంది. రేపు శుక్రవారం కొప్పామెకూ పొడుగామెకూ ఆట ఉంది. బెల్టు నిలబడితే ఉంటాను, పోతే వీసా క్యాన్సిల్ చేయించుకుని శాశ్వతంగా పోతాను అని. ఈ సంగతి నాకొక్కదానికే చెప్పింది.

శుక్రవారం ఆ ఆట మొదలైంది. చాలాసేపు సరిసమానంగా సాగింది. చివరికి పొడుగామె కొప్పామెను తాళ్ళ మీదుగా బయటికి విసిరేసింది. రెఫరీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కొప్పామె మోకాళ్ళ మీద లేచింది, మళ్ళీ కూలబడింది, పది అయిపోయింది. గంట కొట్టారు. పెద్ద మామా చప్పట్లు చరిచి, అక్కవైపు చూపుడువేలు ఆడిస్తూ, "తేరీ వాలీ ఖలాస్! ఖలాస్!" అని, నీ మనిషి పని అయిపోయిందని చిన్నపిల్లలా ఎగతాళి చేసింది. అక్క వెల్లుల్లి గిన్నె తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆమె ఇంకొక్క నిమిషం కూర్చుని ఉంటే చూసేది. మైకు పట్టుకున్నతను ఏదో చెప్పాడు, రెఫరీ బెల్టు తెచ్చి కింద పడి ఉన్న కొప్పామె చేతిలోనే పెట్టాడు. నేను పెద్ద మామా కాళ్ళు వదిలేసి వంటింటికి పరుగెత్తాను. అప్పటికే మామా అక్క ఎదురుగా నిలబడి ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. క్యాన్సిల్ మాట అక్క నోటినుంచి బయటికి వచ్చేసింది. ఆలోచించుకో, సాయంత్రం కఫీల్‌తో మాట్లాడతాను అని మామా లోపలికి వెళ్ళిపోయింది. కఫీల్ అంటే మా వీసాలకు పూచీ ఉన్న మనిషి, ఆమె భర్తే.

"బెల్టు పోలేదు అక్కా."

"ఓడిపాయె గదమే, నా కండ్లతో సూస్తి."

"ఓడింది. బెల్టు మాత్రం ఆమెదే. బయట పడి లెక్క దాటితే ఆట పోతాది, బెల్టు పోదు. భుజాలు రెండూ నేలకు అదిమి పట్టల్ల, లేకుంటే ఆమె నోటితో సాలని ఒప్పుకోవల్ల. ఎర్రజుట్టామెకూ ఇట్లనే ఆయె, నేను సూసినా."

"ఓడినోళ్ళకు బెల్టు యాడన్నా ఇస్తారా? నాకు సెవుల్లో పూలు పెట్టొద్దు."

నీళ్ళ సీసాలు మోసుకొచ్చిన డ్రైవరు మామ ఈ మాటలు విని నవ్వాపుకోలేకపోయాడు. రాజంపేట మనిషి, అందరికీ మామే. "అదంతా ముందే మాట్లాడుకోని ఆడేదమ్మా! దాన్ని సూసి వీసాలు తెంపుకుంటారా ఎవరన్నా?"

అక్క గరిటె చూపించింది. "మాట్లాడుకోని పడితే మాత్రం నడుము నొయ్యదా మామా? నువ్వొకసారి పడు, సూస్తాం."

ఆయన సీసాలు దించి బయటపడ్డాడు. అక్క ఉల్లిపాయలు ఎర్రగా వేగేదాకా కలుపుతూనే ఉంది. తర్వాత నెమ్మదిగా అంది. "ఇదేం పువ్వుమే, ఒకేసారి రెండు దిక్కులా పడె." ఇంకాసేపటికి స్టవ్వు తగ్గించి, కొంగుకు చేతులు తుడుచుకుని నావైపు తిరిగింది. "బయటికి పోయినా బెల్టు ఉంటాది అంటివి గదా. అయితే నేనూ పోయొస్తా."

అంతవరకూ ఉండడమో పోవడమో అనే గానీ, మధ్యలో సెలవు అనేది ఒకటుందని ఇద్దరికీ తోచనే లేదు. అన్నేళ్ళుగా సెలవు అడగని మనిషికి అది గుర్తుండదు. మామా గదికి పోయి అక్క మాట మార్చి చెప్పింది, క్యాన్సిల్ వద్దు, టమాటా కోత దాకా సెలవు చాలు అని. మామా గుండెమీద చెయ్యి వేసుకుని, "యల్లా, జావ్, జల్దీ ఆవ్" అని, పోయి తొందరగా రమ్మంది, ఇంకొక వంటమనిషిని పెట్టనని తనంతట తానే చెప్పింది. అన్ని రోజులూ వంట నేనే చేశాను. ఉప్పు తక్కువైందని పెద్ద మామా రోజూ చెప్పేది, అది నిజమే. అక్క తిరిగి వచ్చిన పూట ఆ ఇంట్లో పళ్ళెంలో మెతుకు మిగల్లేదు.

తర్వాత చాలా ఏళ్ళకు ఆమె శాశ్వతంగానే వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు ఏ ఆటా చూడలేదు, ఏ పువ్వూ అడగలేదు. ఇంక చాలని తన నోటితో తానే చెప్పింది, నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు చేను దగ్గరినుంచి వీడియో కాల్ చేసి టమాటాలు చూపిస్తుంది.

ఇప్పుడు ఆడవాళ్ళకు ఒక బెల్టు కాదు, ఎన్నో ఉన్నాయి. వరస నాకే తప్పుతోంది. మా గదిలో ఎవరి ఫోను వాళ్ళది, ఆట కంటే ముందే ఫలితం చేతిలోకి వచ్చేస్తుంది, నేనూ అట్లాగే చూస్తున్నాను, సుఖంగానే ఉంది. కాకపోతే అప్పట్లో బయట పడ్డ మనిషి మోకాళ్ళ మీద లేస్తున్నప్పుడు, లేస్తుందో లేవదో తెలియక, రెఫరీ ఇంగ్లీషులో, పెద్ద మామా అరబీలో, అక్కా నేనూ తెలుగులో, అందరమూ కలిసి లెక్కపెట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ లెక్క నేనొక్కదాన్నే, మనసులో పెట్టుకుంటున్నాను.